ఫుల్ ప్లాన్సా, బిల్డింగ్ నోటీసా: ఇంగ్లండులో ఇంటి పనికి ఏ దరఖాస్తు పెట్టాలి

ఇంగ్లండులో ఇల్లు కొన్న రెండో ఏటో మూడో ఏటో మన తెలుగు కుటుంబాల్లో ఒక మాట మొదలవుతుంది. వంటగది ఇరుకుగా ఉంది, తోటవైపు 3 మీటర్లు పెంచుకుందామని ఒకరంటారు. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఆరు నెలలు ఉంటారు, నాన్న మోకాళ్లు మెట్లెక్కనివ్వవు, కిందే ఒక గది, స్నానాలగది కట్టిద్దామని ఇంకొకరంటారు. డ్రాయింగులు గీయిస్తారు, బిల్డర్‌ను మాట్లాడుకుంటారు, డబ్బు సిద్ధం చేసుకుంటారు. సరిగ్గా అప్పుడు నాకు ఫోను వస్తుంది. పోయిన వేసవిలో వచ్చిన ఫోను కూడా అలాంటిదే. "అన్నయ్యా, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఫుల్ ప్లాన్స్, బిల్డింగ్ నోటీస్, రెగ్యులరైజేషన్ అని మూడు ఉన్నాయి. బిల్డరేమో నోటీసు చాలు, తొందరగా అయిపోతుందంటున్నాడు. ఏది పెట్టమంటారు?"

ఇళ్ల మార్పులకు దూలాలు, పునాదుల లెక్కలు వేయడం నా వృత్తి. ఈ ప్రశ్న అడిగినవాళ్లలో చాలామంది దాన్ని ఏదో ఒక ఫారం నింపే వ్యవహారంగా అనుకుంటారు. ఫీజు కూడా చాలా కౌన్సిళ్లలో, అంటే ఇక్కడి మున్సిపాలిటీల్లో, మొదటి రెండింటికీ మొత్తం మీద ఒకటే కాబట్టి, ఏది పెట్టినా ఒకటేనన్న భావన బలపడుతుంది. కానీ ఆ ఫారం ఎంచుకున్నప్పుడు మీరు నిర్ణయిస్తున్నది పెద్ద విషయం. పనిలో ఎక్కడైనా పొరపాటు ఉంటే అది ఎప్పుడు బయటపడాలి? కాగితం మీద ఉండగానా, పునాది తవ్వాకా, పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోయే రోజునా? ఫుల్ ప్లాన్స్, బిల్డింగ్ నోటీస్, రెగ్యులరైజేషన్ అనే మూడు దరఖాస్తులూ ఈ మూడు సమయాలకు మూడు పేర్లు.

ముందు విడదీయాల్సిన చిక్కుముడి

మన దగ్గర "మున్సిపాలిటీలో ప్లాను పాసైందా?" అని ఒక్క మాట అడిగితే అందులో అన్నీ వచ్చేస్తాయి. ఎన్ని అంతస్తులు, రోడ్డు నుంచి ఎంత వదలాలి, ఎంత ఎత్తు, అన్నీ ఆ ఒక్క అనుమతిలోనివే. తెలంగాణ 2020లో తెచ్చిన ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం టీఎస్-బీపాస్ కూడా అదే పద్ధతిలో స్థలం కొలతను బట్టి, ఎత్తును బట్టి దారులు విడదీసింది. 75 చదరపు గజాలలోపు స్థలంలో చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తుకు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. ఆపై వాటికి 21 రోజుల గడువుతో పరిశీలన.

ఆ అలవాటుతో ఇంగ్లండుకు వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు, ఎందుకంటే ఇక్కడ అనుమతులు రెండు. ప్లానింగ్ పర్మిషన్ అనేది ఇల్లు బయటి నుంచి ఎలా కనిపిస్తుంది, పక్కింటివాళ్ల వెలుతురును అడ్డుకుంటుందా, వీధి తీరుకు తగినట్టుందా అన్న ప్రశ్నలకు సంబంధించినది. మనం మాట్లాడుకుంటున్న మూడు దరఖాస్తులూ బిల్డింగ్ రెగ్యులేషన్స్‌కు సంబంధించినవి, అవి అడిగేవి వేరు. కట్టింది నిలబడుతుందా? నిప్పంటుకుంటే లోపలివాళ్లు బయటపడగలరా? మురుగు సరిగ్గా పోతుందా? గోడల్లోంచి వేడి ఎంత బయటికి పోతుంది? వీటికి ఆధారం 1984 నాటి బిల్డింగ్ యాక్ట్, దాని కింద వచ్చిన 2010 నాటి నిబంధనలు. ఒకే కౌన్సిల్ భవనంలో రెండు విభాగాలూ ఉండవచ్చు గాని, ఒకరు అవునన్నంత మాత్రాన రెండోవారు అవునన్నట్టు కాదు.

ఇక్కడే ఎక్కువమంది బోల్తాపడతారు. వెనకవైపు ఒక్క అంతస్తు ఎక్స్‌టెన్షన్‌ను మామూలుగా గోడ కలిసిన ఇంటికైతే 3 మీటర్ల వరకు, విడి ఇంటికైతే 4 మీటర్ల వరకు, కొన్ని షరతులతో, ప్లానింగ్ పర్మిషన్ లేకుండానే కట్టుకోవచ్చు. దీన్ని పర్మిటెడ్ డెవలప్‌మెంట్ అంటారు. "పర్మిషన్ అక్కర్లేదట" అని ఎవరో చెప్పిన మాటలో నిజం అంతవరకే. బిల్డింగ్ రెగ్యులేషన్స్ ఆ 3 మీటర్ల గదికీ పూర్తిగా వర్తిస్తాయి. ఉమ్మడి గోడను తాకినా, పక్కింటికి దగ్గరలో వారి పునాది కంటే లోతుగా తవ్వినా 1996 నాటి పార్టీ వాల్ చట్టం కింద పొరుగువారికి ముందుగా నోటీసు ఇవ్వడం మరో బాధ్యత. అందులో కౌన్సిల్ పాత్రే లేదు, అది మీకూ పొరుగువారికీ మధ్య విషయం.

అసలు దరఖాస్తే అక్కర్లేని పనులూ ఉన్నాయి. తోటలో 15 చదరపు మీటర్లలోపు విడి గది కట్టుకుంటే ఈ నిబంధనలు అంటవు. 15 నుంచి 30 మధ్య అయితే సరిహద్దుకు ఒక మీటరు దూరంలో ఉండాలి, లేదా ప్రధానంగా నిప్పంటుకోని సామగ్రితో కట్టాలి. రెండింటికీ ఒకే ముఖ్య షరతు: అందులో పడుకునే ఏర్పాటు ఉండకూడదు. బంధువులు వచ్చినప్పుడు పనికొస్తుందని మంచం వేసుకునే ఏర్పాటుతో కడితే మినహాయింపు పోయినట్టే. కిటికీలు మార్చేవారు ఫెన్సా వంటి పథకంలో సభ్యులైతే, బాయిలర్ పెట్టేవారు గ్యాస్ సేఫ్‌లో నమోదైనవారైతే, తమ పనిని తామే ధ్రువీకరించి కౌన్సిల్‌కు తెలియజేస్తారు, మీకొక సర్టిఫికెట్ పంపుతారు. ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో పాటు దాచండి. అమ్మేటప్పుడు మొదట అడిగే వాటిలో అదొకటి.

ఫుల్ ప్లాన్స్: తప్పును కాగితం మీదే పట్టుకోవడం

ఈ దరఖాస్తులో డ్రాయింగులు, దూలాల లెక్కలు, గోడల పొరల వివరాలు, మురుగు పైపుల దారి, అన్నీ ముందే ఇస్తారు. కౌన్సిల్‌లోని బిల్డింగ్ కంట్రోల్ విభాగం వాటిని పరిశీలించి 5 వారాల్లో నిర్ణయం చెప్పాలి. ఉభయులూ ఒప్పుకుంటే ఆ గడువు పెరగవచ్చు. ఆమోదించవచ్చు, కొన్ని షరతులతో ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు. ఆచరణలో చాలావరకు తిరస్కరణకు ముందు ప్రశ్నలు వస్తాయి: ఈ దూలం చివర ఏ గోడ మీద ఆనుతుంది, ఆ గోడ కింద పునాది ఎంత, పై గది నుంచి నిప్పు రోజున ఎటు దిగుతారు? ఆ ప్రశ్నలకు జవాబు కాగితం మీద గీత మారిస్తే సరిపోతుంది. అదే ప్రశ్న గోడ లేచాక వస్తే ఆ గోడే పడగొట్టాలి.

దీనికి చట్టం ఇచ్చే రక్షణ ఒకటి ఉంది, దాన్ని బిల్డర్లు ఎందుకో చెప్పరు. ఆమోదించిన ప్లాను ప్రకారమే కట్టినప్పుడు, ఆ పని నిబంధనలకు విరుద్ధమంటూ తొలగించమనో మార్చమనో కౌన్సిల్ బిల్డింగ్ యాక్ట్ 36వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వడానికి వీల్లేదు. బిల్డింగ్ నోటీసుకు ఈ రక్షణ లేదు, ఎందుకంటే అక్కడ ఆమోదించిన ప్లాను అంటూ ఏదీ ఉండదు.

ఫుల్ ప్లాన్స్ విలువ నాకు బాగా కనిపించేది లాఫ్ట్ పనుల్లో. రెండంతస్తుల ఇంటి పైకప్పు కింద గది కడితే అది మూడో అంతస్తు అవుతుంది, దాని నేల భూమి నుంచి నాలుగున్నర మీటర్లకు పైనే ఉంటుంది. అంత ఎత్తు నుంచి కిటికీలోంచి దూకమనలేరు. అందుకని మెట్లదారి మొత్తాన్ని, పైనుంచి వీధి తలుపు దాకా, అరగంట సేపు మంటను ఆపే గోడలతో, తలుపులతో మూసి ఉంచాలన్నది మామూలు పద్ధతి. ఇప్పుడు మన ఇళ్లలో జరిగేది చూడండి. మొదటి ఏడు కింద గోడలన్నీ తీయించి హాలు, వంటగది కలిపేస్తారు, మెట్లు నేరుగా ఆ హాల్లోకి దిగుతాయి. నాలుగో ఏడు లాఫ్ట్ కట్టిస్తారు. పొయ్యి ఉన్న గదిలోంచే తప్ప పై గదిలో పడుకున్న పిల్లలకు బయటికి దారి లేదు. మెట్ల చుట్టూ గోడ మళ్లీ కట్టడమో, మంటను నీటితో ఆర్పే ఏర్పాటు పెట్టడమో తప్పదు. ఈ రెండు పనులనూ ఒకేసారి ఆలోచించి డ్రాయింగు ఇచ్చి ఉంటే ఐదు వారాల్లో తేలిపోయే విషయం ఇది. పిల్లలు పడుకునే గది కాబట్టి నేనీ ఒక్క విషయంలో పట్టుదలగా మాట్లాడతాను: లాఫ్ట్‌కు బిల్డింగ్ నోటీస్ పెట్టకండి.

"ఐదు వారాలు ఆగాలి కదా, బిల్డర్ వెళ్లిపోతాడు" అన్నది అందరూ చెప్పే అభ్యంతరం. మామూలు ఇళ్ల విషయంలో ఇది నిజం కాదు. ఫుల్ ప్లాన్స్ దరఖాస్తు పెట్టాక, రెండు రోజుల ముందు నోటీసు ఇచ్చి, నిర్ణయం రాకముందే పని మొదలుపెట్టవచ్చు. ఆమోదం వచ్చేదాకా ఆ బాధ్యత మీదే, అంతే. ఈలోపు పాతది తొలగించడం వంటి పనులు చేసుకుంటే ఆ ఐదు వారాలూ వృథా కావు. ఇంకో లాభం డబ్బు రూపంలో ఉంటుంది. పూర్తి వివరాలతో ఉన్న డ్రాయింగు చేతిలో ఉంటే ముగ్గురు బిల్డర్లు ఒకే పనికి ధర చెబుతారు. అది లేకపోతే ముగ్గురూ మూడు వేర్వేరు ఇళ్లను ఊహించుకుని ధర చెబుతారు, తేడా తర్వాత "అదనపు పని" పేరుతో మీ దగ్గరికి వస్తుంది.

బిల్డింగ్ నోటీస్: ఎక్కడ మంచిది, ఎక్కడ కుదరదు

దీనిలో చిరునామా, పని వివరం, అవసరమైతే స్థలం పటం, ఫీజు ఇస్తే చాలు. రెండు రోజుల తర్వాత మొదలుపెట్టవచ్చు. ఇన్‌స్పెక్టర్ ఆయా దశల్లో వచ్చి చూస్తాడు, అవసరమనుకుంటే లెక్కలు అడుగుతాడు. చెడ్డ పద్ధతి అని నేననను. ఒక్క గోడ తీసి ఒక్క దూలం పెట్టే పనికి, స్నానాలగదిని ఒక చోట నుంచి మరో చోటికి మార్చడానికి, పైకప్పు పెంకులు మార్చడానికి ఇది సరిపోతుంది. బిల్డర్ అనుభవం మీకు స్వయంగా తెలిసి ఉండి, ఇంజనీరు లెక్క ముందే చేతిలో ఉంటే ఇంకా మంచిది.

కొన్ని చోట్ల మాత్రం చట్టమే దీన్ని ఒప్పుకోదు. 2005 నాటి అగ్నిభద్రత ఉత్తర్వు వర్తించే భవనాలకు బిల్డింగ్ నోటీస్ చెల్లదు. దుకాణం, రెస్టారెంటు, ఆఫీసు, ఫ్లాట్లలోని ఉమ్మడి మెట్లదారి, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. మన విద్యార్థులకు గదుల లెక్కన ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు దీన్ని గమనించాలి. అలాంటి ఇంటి ఉమ్మడి భాగాలకూ ఆ ఉత్తర్వు వర్తిస్తుంది. సొంత ఇంటికి పెట్టినట్టే నోటీసు పెడితే వెనక్కి వస్తుంది.

రెండో అడ్డంకి మురుగు పైపు. ఇది చాలామందికి తెలియనిది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఇంగ్లండులో వరస ఇళ్ల వెనక తోటల్లోంచి ఒకే మురుగు పైపు పోతుంటుంది, ఒక ఇంటి మురుగు పక్కింటి నేల కిందుగా వీధి పైపులో కలుస్తుంది. ఒకప్పుడు అది చాలాచోట్ల ఆ ఇళ్ల యజమానుల ఉమ్మడి ఆస్తి. 2011 అక్టోబరు 1న అలాంటి ఉమ్మడి పైపులు చాలావరకు నీటి సంస్థల చేతికి వెళ్లాయి. అంటే మీ తోట కింద పైపు రాత్రికి రాత్రి ప్రజా మురుగు పైపు అయింది. దానిమీద గాని, 3 మీటర్ల దూరంలో గాని కట్టాలంటే నీటి సంస్థ అంగీకారం కావాలి, బిల్డింగ్ కంట్రోల్ విభాగం ఆ సంస్థను సంప్రదించాలి, దరఖాస్తు ఫుల్ ప్లాన్స్ రూపంలోనే ఉండాలి. వెనకవైపు 3 మీటర్ల వంటగది అంటే చాలా ఇళ్లలో ఆ గది గీత ఈ పైపు దగ్గరికే వస్తుంది. పైపు ఎక్కడుందో తెలుసుకోవడానికి ముందు తోటలో మురుగు గుంటపై ఉండే ఇనప మూత కోసం వెతకండి.

చట్టం అడ్డుచెప్పకపోయినా నోటీసు ఎలా దెబ్బకొడుతుందో చెప్పడానికి నేను దగ్గరుండి చూసినదొకటి ఉంది. లండన్ వాయవ్య శివార్లలో ఒక ఇల్లు. అక్కడి నేల బంకమట్టి. నోటీసు పెట్టారు, బుధవారం ఉదయానికి కాంక్రీటు లారీ మాట్లాడారు, మంగళవారం సాయంత్రానికి మీటరు లోతు కందకం శుభ్రంగా తవ్వారు. అడుగు చదునుగా, అంచులు నిటారుగా, చూడముచ్చటగా ఉంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి కందకం చూడలేదు, ముందు కంచె అవతలికి చూశాడు. పక్కింటి తోటలో సింధూర వృక్షం, ఇంగ్లండు ఓక్, ఇంటి కంటే ఎత్తు. కిందికి దిగి అడుగు నుంచి ఒక మట్టిగడ్డ తీసి చేతిలో విరిచాడు. విరిగిన చోట దారప్పోగుల్లాంటి వేళ్లు, ఇంకా తడిగా ఉన్నాయి. దాన్ని ఇంటాయన అరచేతిలో పెట్టి, ఈ చెట్టు ఎండాకాలంలో ఈ మట్టిలోని నీళ్లు తాగేస్తుంది, మట్టి కుంచించుకుపోతుంది, దానితో మీ గోడ దిగుతుంది, ఇంకా లోతుకు వెళ్లండి అని చెప్పాడు. లారీని ఆపారు, ఆ రోజు ఛార్జీ కట్టారు. ఎంత లోతో తేల్చమని నన్ను పిలిచారు. చివరికి కందకం రెండు మీటర్లు దాటింది, పక్కలు కూలకుండా ఊతం పెట్టాల్సి వచ్చింది, కాంక్రీటు రెండింతలైంది. రెండు వారాలు పోయాయి. ఆ ఇన్‌స్పెక్టర్‌ది తప్పేమీ లేదు, ఆ ఇంటిని కాపాడింది ఆయనే. కానీ చెట్టు జాతి, దూరం, ఎత్తు డ్రాయింగులో గుర్తించి ఇంజనీరుకు చూపితే అదే లోతు మార్చి నెలలోనే తేలేది, బిల్డర్ ధరలోనే కలిసిపోయేది. ఫుల్ ప్లాన్స్ పెట్టినా ఇన్‌స్పెక్టర్ నేలను చూసి లోతు పెంచమనవచ్చు, నేల లోపలిది డ్రాయింగు పూర్తిగా చెప్పలేదు. కంచె అవతలి చెట్టును మాత్రం చెప్పగలదు.

రెగ్యులరైజేషన్: జరిగిపోయిన పనికి

ఈ పేరు వినగానే మనకు క్రమబద్ధీకరణ పథకాలు గుర్తొస్తాయి. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్), తెలంగాణలో బీఆర్‌ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) పేరుతో ప్రకటించినవి అలాంటివే. ఒక గడువు, ఒక కటాఫ్ తేదీ, చదరపు మీటరుకు ఇంత అని రుసుము. ఇంగ్లండులో రెగ్యులరైజేషన్ దానికి పూర్తిగా భిన్నం. గడువంటూ ఏమీ లేదు, ఏ రోజైనా పెట్టుకోవచ్చు, కాకపోతే పని 1985 నవంబరు 11న గాని ఆ తర్వాత గాని జరిగినదై ఉండాలి. ఫీజు కడితే సర్టిఫికెట్ వస్తుందన్న హామీ లేదు. కట్టింది నిబంధనలకు సరిపోతుందని నిరూపించే భారం మీది. అందుకోసం పలకలు విప్పమనవచ్చు, పైకప్పుకు కన్నం పెట్టమనవచ్చు, నేల తవ్వి పునాది చూపమనవచ్చు. సరిపోకపోతే సరిచేయాలి. ఫీజు కూడా మామూలు దరఖాస్తు కంటే సాధారణంగా ఎక్కువ. ఇది కౌన్సిల్ దగ్గరే పెట్టాలి, ప్రైవేటు వారు చేయలేరు.

నా స్నేహితుడొకాయన ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు కొనేవారి తరఫున ఇంటిని పరిశీలించే సర్వేయర్ ఒక చిన్న విషయం పట్టాడు. పైకప్పు మీద ఇటుకల పొగగొట్టం ఉంది, కింద పడకగదిలో దాని ఆనవాలే లేదు. ఎప్పుడో ముందున్న యజమాని గది పెద్దది చేయడానికి కింది భాగం తీయించేశాడు. పైన మిగిలిన ఇటుకల బరువు దేనిమీద నిలబడి ఉంది? కాగితాలు లేవు. అప్పుడు ఆయన ముందు రెండు దారులు మిగిలాయి. ఒకటి రెగ్యులరైజేషన్. రెండోది, ఇక్కడ సాలిసిటర్లు (ఇంటి అమ్మకం పత్రాలు చూసే లాయర్లు) తరచూ సూచించే ఇండెమ్నిటీ ఇన్సూరెన్సు, కొంచెం ప్రీమియం కట్టి కౌన్సిల్ ఎప్పుడైనా చర్య తీసుకుంటే వచ్చే ఖర్చుకు పాలసీ తీసుకోవడం. కౌన్సిల్‌కు ఒకసారి ఫోను చేసి విషయం చెప్పారంటే రెండో దారి మూసుకుపోతుంది, కౌన్సిల్‌కు తెలిసిన తర్వాత ఆ పాలసీ సాధారణంగా ఎవరూ ఇవ్వరు. కాబట్టి ఫోను ఎత్తే ముందు సాలిసిటర్‌ను అడగండి.

అయినా నా మనసులో మాట చెబుతాను. పాలసీ కాగితం ఇటుకలను మోయదు. ఆయన పైకప్పులో అడుగున్నర చదరానికి పలక కోయించి టార్చి వేసి చూశాం. పొగగొట్టం బరువంతా రెండు సన్నటి కలప వాసాల మీద, వాటి మధ్య ఇరికించిన ఒక చెక్కముక్క మీద ఉంది. వాసాలు నడుమ వంగి ఉన్నాయి. కింద పదేళ్లుగా ఆయన కూతురి మంచం ఉంది. ఆయన రెగ్యులరైజేషన్‌కే వెళ్లారు. ఉక్కు దూలం పెట్టి, కౌన్సిల్ చూసి, సర్టిఫికెట్ వచ్చాకే ఇల్లు అమ్మారు.

ఒకప్పుడు ఏడాది గడిస్తే కౌన్సిల్ ఏమీ చేయలేదన్న ధీమా ఉండేది. అనుమతి లేని పనిని సరిచేయమనడానికి కౌన్సిల్‌కు ఉన్న 12 నెలల గడువు 2023 అక్టోబరు 1 నుంచి 10 ఏళ్లకు పెరిగింది. నిబంధనల ఉల్లంఘనకు అపరిమిత జరిమానా, రెండేళ్ల వరకు జైలు శిక్ష పడే వీలు కూడా వచ్చింది. పాత కబుర్లు నమ్మి పని దాచిపెట్టేవారు ఈ తేదీని గుర్తుపెట్టుకోవాలి.

ప్రైవేటు దారి, ఎత్తైన భవనాలు

కౌన్సిల్‌కు బదులు రిజిస్టర్డ్ బిల్డింగ్ కంట్రోల్ అప్రూవర్‌ను పెట్టుకోవచ్చు. ఒకప్పుడు వీరిని అప్రూవ్డ్ ఇన్‌స్పెక్టర్లు అనేవారు. వీరి దారిలో పని మొదలయ్యే ముందు ఇనీషియల్ నోటీస్ అనే కాగితం కౌన్సిల్‌కు చేరాలి, దానిపై కౌన్సిల్‌కు 5 పనిదినాల గడువు ఉంటుంది. చాలాసార్లు ఈ అప్రూవర్‌ను ఎంచుకునేది బిల్డరే, ఇంటివారికి పేరైనా తెలియదు. పేరు అడగండి, అధికారిక రిజిస్టర్‌లో ఉందో లేదో చూడండి. ఆ సంస్థ మధ్యలో మూతపడితే, నోటీసు రద్దయితే, పని సాధారణంగా కౌన్సిల్ చేతికి వస్తుంది, మూసేసిన పునాదులను విప్పి చూపమని అడిగే హక్కు కౌన్సిల్‌కు ఉంటుంది. అందుకే ప్రతి దశలో ఫొటోలు తీయండి. కొలత టేపు పక్కన పెట్టి తీసిన కందకం ఫొటో ఒక్కోసారి వేల పౌండ్లు మిగులుస్తుంది.

18 మీటర్ల ఎత్తు గాని 7 అంతస్తులు గాని ఉండి, కనీసం రెండు నివాసాలున్న భవనంలో మీ ఫ్లాటు ఉంటే పైన చెప్పిన దారులేవీ వర్తించవు. కౌన్సిల్‌కు గాని ప్రైవేటు వారికి గాని అక్కడ అధికారం లేదు. బిల్డింగ్ సేఫ్టీ రెగ్యులేటర్ అనుమతి కావాలి, అది వచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు. ఉన్న భవనంలో పనికి 8 వారాలు, కొత్త భవనానికి 12 వారాలు అని గడువు. 2024, 2025 సంవత్సరాల్లో ఈ గడువులు దాటి నెలల తరబడి ఆలస్యాలు జరిగాయి. వంటగది, స్నానాలగది కలిపి గోడ తీద్దామనుకునే ఫ్లాటువాళ్లు ఈ కాలాన్ని లెక్కలో వేసుకోవాలి.

ఇంత కఠినం ఎందుకంటే కారణం లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్. 2017 జూన్ 14న అక్కడ జరిగిన అగ్నిప్రమాదం 72 మందిని బలితీసుకుంది. ఒక ఫ్లాటు వంటగదిలో మొదలైన మంట, అంతకుముందే మరమ్మతులో భాగంగా గోడలకు తొడిగిన పలకలను పట్టుకుని భవనమంతా ఎగబాకింది. ఆ మరమ్మతుకు, పని నిబంధనల ప్రకారం పూర్తయిందని చెప్పే కంప్లీషన్ సర్టిఫికెట్ కూడా 2016లో ఇచ్చారు. 2022 నాటి బిల్డింగ్ సేఫ్టీ యాక్ట్ ఆ గాయంలోంచి పుట్టింది. ఇప్పుడు మామూలు ఇంటికీ పని పూర్తయ్యాక యజమాని, ప్రధాన డిజైనర్, ప్రధాన కాంట్రాక్టర్ పని నిబంధనల ప్రకారమే జరిగిందని సంతకం చేసి ఇవ్వాలంటే దాని వెనక ఉన్నది ఆ రాత్రే.

ఆ చట్టంతో వచ్చిన మరో మార్పు చిన్న ఇళ్లనూ తాకుతుంది. అనుమతి 3 ఏళ్లలో మురిగిపోతుంది, ఈలోపు పని "మొదలై" ఉండాలి. ఒక గుంట తవ్వి మొదలైందని చెప్పుకునే రోజులు పోయాయి. ఎక్స్‌టెన్షన్ అయితే పునాది, కింది నేల పూర్తయితేనే మొదలైనట్టు లెక్క. లోపలి మార్పులైతే పనిలో 15 శాతం కావాలి. ఆ దశ చేరిన 5 రోజుల్లో కౌన్సిల్‌కు తెలపాలి. చివర కంప్లీషన్ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా బిల్డర్‌కు ఆఖరి వాయిదా ఇవ్వకండి. బిల్డర్లు ఇన్‌స్పెక్టర్‌ను చివరి తనిఖీకి పిలవడం మరిచిపోయిన ఇళ్లు నేను లెక్కలేనన్ని చూశాను.

స్కాట్లండ్‌లో ఉన్నవారికి ఇవేవీ కాదు. అక్కడ పని మొదలవడానికి ముందే బిల్డింగ్ వారెంట్ తీసుకోవాలి, నోటీసు ఇచ్చి మొదలుపెట్టే దారే లేదు. వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వేరే నియమాలున్నాయి.

పోయిన వేసవిలో ఫోను చేసిన ఆ తమ్ముణ్ని నేను రెండే అడిగాను. పక్కింట్లో పెద్ద చెట్లున్నాయా? తోటలో ఇనప మూత ఎక్కడుంది? చెట్లు లేవన్నాడు. మూత గురించి తెలియదని, ఆ సాయంత్రం తోటలో వెతికి ఫొటో పంపాడు. తులసి కుండీ కింద ఉంది, ఇంటి గోడకు రెండు మీటర్ల దూరంలో, కొత్త వంటగదిలో పొయ్యి వచ్చే చోట. మూత ఎత్తి చూస్తే మూడు ఇళ్ల పైపులు వచ్చి కలుస్తున్నాయి. ఫుల్ ప్లాన్స్ పెట్టాడు, నీటి సంస్థకు వేరే దరఖాస్తు పెట్టాడు, డ్రాయింగులో మూతను గోడ బయటికి జరిపాం. ఆమోదం వచ్చాకే పునాది తవ్వారు. కుండీ ఇప్పుడు కొత్త గుమ్మం పక్కన ఉంది.